జాలారి బండ

వరంగల్,
4 నవంబర్ 2024, సోమవారం.

ఈ రోజు పనులు: అటక మీది సామాను దించాను. ఇత్తడివి తోమి, ఉంచేవి ఒక పక్క, అమ్మేవి ఒక పక్క పెట్టాను. పాత పరుపులు విప్పి దూది ఎండకు పోశాను. కరెంటు మీటరు కాగితాలు దొరికాయి. ఇంటి పన్ను రసీదు ఒకటి దొరకలేదు.

ప్రియమైన వదినకు,

మేమంతా క్షేమం. నీ చెవులు ఎలా ఉన్నాయి? మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక నీకు ఫోన్ చేశాను. "గ్యాసు మొన్ననే అచ్చింది, ఇప్పుడద్దు" అని పెట్టేశావు. మళ్లీ చేస్తే హాస్టలు పిల్లకు ఎవరికో ఇచ్చావు. మన ఇంటి సంగతులు ఆ పిల్లతో చెప్పించలేను కదా. అందుకే ఈ ఉత్తరం.

ఇల్లు అమ్మడం ఖాయమైంది. ముందు రోడ్డు పోసిన ప్రతిసారీ మన గడప ఒక మెట్టు కిందికి పోయింది. ఈ వానాకాలం నీళ్లు మంచాల దాకా వచ్చాయి. బియ్యం డబ్బాలు కిటికీ మీద పెట్టుకుని నేనూ, మీ తమ్ముడూ బల్ల మీద కూర్చుని తెల్లవారేదాకా ప్రార్థన చేశాం. ఇక ఈ వయసులో అది మా వల్ల కాదు. పిల్లలు దివ్య, సుధీర్ కూడా అమ్మేయమన్నారు. హసన్‌పర్తి వైపు మెరక మీద చిన్న ఇల్లు చూసుకున్నాం.

కొనేది కొత్తవాడ సారంగపాణి. తివాచీల వ్యాపారం. మన స్థలంలో మట్టి పోయించి ఎత్తు చేసి, పైన గోదాం కడతాడట. "తలుపులు, కిటికీలు, బండలు, ఏది గావాల్నో ఊడదీస్కపోండ్రి. నాకు జాగ గావాలె, గంతే" అన్నాడు. ఫిబ్రవరిలో రిజిస్ట్రేషన్. ఈ చలికాలమంతా నాకు ఇదే పని.

తలుపులు అమ్ముతాను. జాలారి బండ మాత్రం కొత్త ఇంటికి తీసుకుపోతాను. మామయ్య మిల్లులో పని చేసేటప్పుడు ఎడ్లబండి మీద తెచ్చిన బండ అని అత్తమ్మ చెప్పేది. ఇన్నేళ్లు దాని మీదే గిన్నెలు తోమి, బట్టలు ఉతికిన చేతులకు అది అలవాటు. కొత్త ఇంట్లో సింకు ఉంది కానీ నిలబడి తోమితే నాకు తోమినట్టు ఉండదు.

మొన్న సమాధుల పండుగకు వెళ్లొచ్చాం. బాబు సమాధికి సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించాను. కళ్లు తెరవకుండానే పోయినవాడు కానీ ఉంటే దివ్యకు అన్న అయ్యేవాడు, ఈ జూలైకి ఇరవై ఏడు నిండేవి. మీ తమ్ముడు ఎప్పటిలాగే లోపలికి రాలేదు, గేటు దగ్గరే నిలబడ్డారు. ఆయనకు ఇప్పటికీ తట్టుకోవడం చేతకాదు.

ఇంట్లోంచి నీకు ఏం కావాలో రాయి. నువ్వూ ఇక్కడ పుట్టినదానివే.

నీ మరదలు,
రూతు


బాలికల హాస్టల్, ములుగు,
13 నవంబర్.

రూతుకు,

ఉత్తరం అందింది. గ్యాసు అనుకున్న మాట నిజమే. నువ్వు "వదినా, ఇల్లు" అని ఉంటావు, నాకు "సిలిండర్, ఫుల్లు" అని వినపడింది.

ఇక్కడ చలి మొదలైంది. పిల్లలు పొద్దున వేడినీళ్ల కోసం వంటింటి ముందు వరస కడుతున్నారు. అన్నం వండాలో, నీళ్లు కాచాలో తెలియడం లేదు.

ఇల్లు అమ్మడం మంచిదే. నీళ్లలో కూర్చుని ఎన్నాళ్లు ప్రార్థన చేస్తారు. దేవుడు కూడా వేరే ఇల్లు చూసుకొమ్మనే అంటాడు.

నాకేమీ వద్దు. అమ్మ రోకలి ఉంటే పంపు.

జాలారి బండ జోలికి మాత్రం పోకు. పాతది, లేపితే పగులుతుంది. కింద తేళ్లు ఉంటాయి. కొనుక్కున్నాయనకు అలాగే వదిలెయ్యి. ఆయన మట్టి పోసుకుంటాడు, అయిపోతుంది.

పిల్లలకు నా ముద్దులు.

దీనమ్మ


వరంగల్,
25 నవంబర్, సోమవారం.

ఈ రోజు పనులు: ముందు గది తలుపులు ఊడదీయించాను, గుమ్మానికి పాత తివాచీ వేలాడదీశాను. పన్ను రసీదు దొరికింది, బైబిలు అట్టలో ఉంది. రోకలి తుడిచి గుడ్డ చుట్టి పెట్టాను, ములుగు బస్సులో పంపాలి.

ప్రియమైన వదినకు,

నీ ఉత్తరం చదివి కొమురెల్లికి చెప్పాను. అదే, తలుపులు ఊడదీసే మనిషి. ఒకటే నవ్వు. "ముప్పై ఏండ్ల సంది సబ్బు నీళ్లు దాగిన తేళ్లు గవి. కుడితే నురుగస్తది గనీ యిసమెక్కదు" అన్నాడు. బండ పగలదని కూడా వేళ్లతో కొట్టి చూసి చెప్పాడు.

నిజం చెప్పు వదినా, ఆ బండ నీకు కావాలా? కావాలంటే కావాలని అడుగు. హాస్టల్లో గిన్నెలు తోమడానికి పనికొస్తుందని నేనే ఆటోలో వేసి పంపిస్తాను. అడగడానికి మొహమాటపడి తేళ్ల కథ చెప్పడం దేనికి? ఇన్నేళ్లలో నువ్వు ఈ ఇంట్లోంచి గరిటె కూడా అడగలేదు, అందుకే నాకు అనుమానం వచ్చింది. అత్తమ్మ దాని కింద బంగారం దాచిందా ఏమిటి? ఉంటే సగం నీకు, సగం నాకు. మీ తమ్ముడికి చెప్పకు.

ఆయన్ను కూడా అడిగాను. "నీ ఇష్టం. మా అక్క వద్దంటాంది గద" అని పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ పేపరు మొన్నటిది.

సారంగపాణి వచ్చి టేపుతో కొలుచుకుని పోయాడు. నాలుగు అడుగుల మట్టి పోయిస్తాడట. జాలారి ఉన్న చోట లారీలు దిగే ర్యాంపు వస్తుందట. నేను గిన్నెలు తోమిన చోట లారీ నిలబడుతుంది, చూడు.

నీ మరదలు,
రూతు


ములుగు,
5 డిసెంబర్.

రూతుకు,

రోకలి అందింది. నీ ఉత్తరం కూడా.

అవును, బండ నాకు కావాలి. నాకే కావాలి అనుకో. కానీ నువ్వు పంపకు. క్రిస్మస్ అయ్యాక నేనే వస్తాను, నేనే నా ముందర తీయించుకుంటాను. అప్పటిదాకా ఎవ్వరినీ గడ్డపార పెట్టనివ్వకు. జర నా మాట విను. ఎన్నడూ ఏమీ అడగలేదని నువ్వే రాశావు కదా, ఇది ఒక్కటి అడుగుతున్నాను.

తమ్ముడు జయరాజుకు ఈ ఉత్తరం చూపించు.

లారీ ర్యాంపు సంగతి చదివినప్పటి నుంచి నాకు బాగా లేదు.

దీనమ్మ


వరంగల్,
18 డిసెంబర్, బుధవారం.

నిన్నటి పనులు: వంటింటి అలమర ఖాళీ చేశాను. బొగ్గుల పొయ్యి పాత ఇనుపవాడికి వేశాను. జాలారి బండ

దీనమ్మ గారికి,

పైన నిన్నటి పనులు రాయడం మొదలుపెట్టి ఆపేశాను. కాగితం మార్చలేదు. ఇంకో కాగితం తీసుకున్నా అక్కడే ఆగిపోతుంది.

నిన్న కొమురెల్లి వచ్చాడు. ఈ వారం దాటితే సంక్రాంతి దాకా తనకు ఇంకో చోట పని ఉందన్నాడు. మీరు క్రిస్మస్ తర్వాత వస్తానన్నారు. అప్పటికి మనిషి దొరకడని, తీయించి గోడకు ఆనించి పెడితే మీరు వచ్చి తీసుకుపోతారని అనుకున్నాను. మీకు సాయం చేస్తున్నానని అనుకున్నాను.

బండ లేచింది. "అమ్మా, మీ వదినె పెంచిన తేళ్లు ఏడున్నయి? ఒక్కటి గూడ బయటికి రాలె" అని కొమురెల్లి అన్నాడు. నేనూ నవ్వాను. కింద మట్టి నల్లగా, మెత్తగా ఉంది. కొత్త ఇంట్లో పూలకుండీలకు పనికొస్తుందని పార అందుకుని నేనే తట్టలోకి ఎత్తాను. ఒక తట్ట నిండింది. రెండోది పెట్టాను.

అప్పుడు గేటు దగ్గర నుంచి ఆయన అరిచారు. "రూతూ! ఆగు! పార కింద వడెయ్యి!" ఇన్నేళ్ల కాపురంలో ఆయన నా మీద గొంతెత్తింది లేదు. పాము అనుకుని వెనక్కి గెంతాను. ఆయన చెప్పులతోనే వచ్చి ఆ బురదలో మోకాళ్ల మీద కూర్చున్నారు. తట్టలోని మట్టిని దోసిళ్లతో తీసి మళ్లీ ఆ గుంటలో పోయడం మొదలుపెట్టారు. కాలేజీకి వేసుకుపోయే తెల్లచొక్కా. కొమురెల్లి ఒక నిమిషం చూశాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసేశాడు. "అమ్మా, నేను మల్ల వస్త" అని గడ్డపార కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు. పరాయివాడికి అర్థమైంది. నాకు కాలేదు.

"ఏమైందండీ" అన్నాను.

"బాబు ఈడనే ఉన్నడు."

"ఏ బాబు?" అని అడిగాను. అలా అడిగాను చూడండి. నా కడుపున పుట్టినవాడి గురించి.

"మన బాబే. అమ్మ ఈడ వెట్టింది."

"మరి సమాధుల తోటలో ఉన్నది ఎవరు?"

"నాకు తెల్వది. నువ్వు యాడ, యాడ అని ఏడ్వబడ్తివి. ఏదో ఒకటి సూపెట్టిన."

ఆయన ఇంకేదో చెప్పారు. నాకు వినపడలేదు. మీ చెవులు నాకు వచ్చినట్టు అయింది. నిలబడ్డ చోట నుంచి ఆ మట్టిని చూస్తూ ఉన్నాను. నా చేతికి ఆ మట్టే అంటి ఉంది. కడుక్కోవాలి. కడుక్కునే చోటు అదే.

నేను లెక్క రాసుకునే మనిషిని. పాలవాడి లెక్క, చాకలి లెక్క, చర్చి చందా, అన్నీ రాసిపెడతాను. ఇది ఏ లెక్కలో రాయాలి? ఆ బండ మీద చేపలు కడిగాను. మసిగిన్నెలు తోమాను. దివ్య, సుధీర్ పసివాళ్లుగా ఉన్నప్పుడు ముడ్డి కడిగాను. కోపం వచ్చినప్పుడు బట్టలు పెటపెటా బాదాను. అత్తమ్మ పోయేదాకా రోజూ తెల్లవారగానే మొదటి చెంబు మంచినీళ్లు ఆ బండ మీద పోసేది. ఒక ఎండాకాలం నీళ్లకు కరువొచ్చి ట్యాంకరు దగ్గర కొట్లాడి తెస్తుంటే, "నీళ్లు ఊరికే రాళ్ల మీద పోస్తారేంటి" అని ఆమెను కసిరాను. ఆమె మర్నాడు కూడా పోసింది.

మీ రెండు ఉత్తరాలూ మళ్లీ చదివాను. తేళ్లట. పగులుతుందట. మీకు మొదటి నుంచీ తెలుసు. నేను ప్రతి నవంబర్‌లో పూలు కొనేటప్పుడు మీ అందరికీ తెలుసు.

క్రిస్మస్‌కు మీరు రావలసిన పని లేదు.

రూతు


ములుగు,
26 డిసెంబర్.

రూతూ,

నన్ను గారు అన్నావు. మీరు అన్నావు. పెళ్లయి గడపలో అడుగు పెట్టిన రోజు నుంచి నువ్వు నన్ను నువ్వే అన్నావు. ఎదురుగా వచ్చి చెంప మీద కొట్టినా ఇంత ఉండేది కాదు.

నిన్న పండుగ పూట పిల్లలకు కోడికూర వండి, వడ్డించి, నేను తినలేక లేచాను. నువ్వు అడగకపోయినా జరిగింది రాస్తాను. క్షమించమని మాత్రం అడగను. ఎందుకో చదివాక నీకే తెలుస్తుంది.

నువ్వు దవాఖానలో మత్తులో ఉన్నావు. రక్తం ఆగడం లేదు. జయరాజు రక్తం కోసం ఊరంతా తిరుగుతున్నాడు. బాబును గుడ్డలో చుట్టి నర్సమ్మ మా చేతుల్లో పెట్టింది. పాస్టరు గారికి కబురు చేద్దామని నేను అన్నాను. అమ్మ వద్దంది. నీకు తెలుసు కదా, అమ్మ బాప్తిస్మం తీసుకున్నది పెళ్లికి ముందు. అప్పుడు వేరే పేరు పెట్టారు, ఆ పేరుతో ఎవ్వరూ పిలవలేదు, సమ్మమ్మ సమ్మమ్మగానే పోయింది. లోపల ఆమె ఊరు ఆమెకు ఉంది. వాళ్ల దగ్గర, ఏడవకుండా పోయిన బిడ్డను ఊరి బయట పెట్టరు. దూరం పెడితే అలిగిపోతాడట. జాలారి దగ్గర పెడితే రోజూ చల్లని నీళ్లు పడతాయి, ఇంటి మాటలు వింటాడు, మళ్లీ అదే కడుపున వస్తాడు. తల్లికి మాత్రం చెప్పకూడదు. చెబితే అక్కడ కూర్చుని ఏడుస్తుంది. మంచినీళ్లు పడవలసిన చోట కన్నీళ్లు పడితే బిడ్డకు దారి దొరకదు.

నువ్వు పంతులమ్మ బిడ్డవు. బైబిలు చదువుకుని వచ్చావు. "గామెకు తెలిస్తె ఇది అన్యుల ఆచారమంటది, తవ్వి తీపిస్తది" అని అమ్మకు భయం. రిక్షాలో బాబు నా ఒడిలో ఉన్నాడు. మధ్యాహ్నం వాన పడుతోంది. మేమిద్దరమే బండ జరిపాం. అమ్మ ప్రార్థన కూడా చేసింది, యేసయ్య పేరునే చేసింది. ఆమెకు రెండూ ఒకటే.

ఏడాదిన్నరకు దివ్య పుట్టింది. నీళ్లాడించిన రోజు అమ్మ జాలారి దగ్గర నిలబడి నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ కళ్లల్లో ఉంది. అది అబద్ధమని నేను ఎలా అనను? నేరమని ఎలా అనను? బిడ్డను ఎవరో సమాధుల తోట కాపరి దగ్గర వదిలిపెట్టకుండా ఇంట్లోనే ఉంచుకుంది. ఇంటి మనుషుల కాళ్ల దగ్గర.

జయరాజు నీకు ఇంకో చోటు చూపించాడని తెలిసిన రోజు మాత్రం నేను వాడిని తిట్టాను. "ఎట్ల జేసినవురా" అంటే, "గామె ఏడ్సుడు సూడలేకపోయిన అక్కా" అన్నాడు. అప్పటికే నువ్వు రెండుసార్లు పూలు పెట్టావు. ఇక ఎవరు చెప్తారు? అక్కడ మాత్రం తప్పు జరిగింది. దానికి ఏ శిక్ష వేసినా పడతాను.

వాడి సంగతి ఇంకేమీ అడగకు. చీకటిగా ఉంది, వాన, ముఖం కప్పి ఉంది, నేను సరిగ్గా చూడలేదు.

జయరాజు తింటున్నాడా?

దీనమ్మ


వరంగల్,
10 జనవరి 2025, శుక్రవారం.

ఈ రోజు పనులు: రేకు తెచ్చి జాలారి గుంట మీద మూయించాను. మిగతా ఏ పనీ చేయలేదు. అన్నం ఆయనే వండారు.

దీనమ్మ గారికి,

మీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్క పెట్టలేదు. అత్తమ్మ మీద కోపం తెచ్చుకుందామని చదివాను. రాలేదు. నా బిడ్డను ఇంట్లో ఉంచుకుంది, నిజమే. కానీ నాకు తెలియకుండా ఉంచుకుంది. ఆమె పోసిన మంచినీళ్లు వాడికి అందాయి. నేను పోసిన ఎంగిలినీళ్లు కూడా అందాయి. ఈ రెండో మాట దగ్గర ఆగిపోతున్నాను.

ఆయన తింటున్నారు. నేను పెడితేనే తింటున్నారు, అందుకే పెడుతున్నాను.

సమాధుల తోటకు ఒక్కదాన్నే వెళ్లాను. అక్కడున్నది ఎవరో తెలుసుకోవాలని. ఎవరో తల్లి నా పూలు చూసి ఏమనుకుందో అని. కాపరి ముసలాయన సుధాకరం తాత, మీకు తెలుసు. "గది సమాధి గాదు బిడ్డా" అన్నాడు. "బోరింగు ఏసినప్పుడు తీసిన మట్టి కుప్ప. నువ్వు సున్నం ఏస్తాంటె నీవోళ్లు ఎవరో ఉన్నరనుకున్న." నేను అక్కడే కూర్చుండిపోయాను. మట్టి కుప్ప, దీనమ్మ గారూ. నేను మోకాళ్ల మీద కూర్చుని మాట్లాడింది బోరింగు మట్టితో. దివ్య పెళ్లి కుదిరినప్పుడు మొదట చెప్పింది ఆ కుప్పకే. తాత నా ముఖం చూసి భయపడి నీళ్లు తెచ్చాడు. "జాగైతె కాళీనే ఉన్నది. నువ్వు యేటేట సున్నం ఏస్తివి గద, గందుకే ఎవ్వలకియ్యలె" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి సారంగపాణి ఉన్నాడు. రేకు ఎత్తి చూస్తున్నాడు. "గిదేంది సార్, బేరమైనంక గుంత తవ్విండ్రు? బంగారం గిట్ల దొరికిందా, నాకు వాట లేదా?" అని నవ్వుతున్నాడు. మీ తమ్ముడు చెప్పొద్దని నాకు సైగ చేశారు. బిడ్డ సంగతి తెలిస్తే ఎవరు కొంటారని ఆయన భయం. అడ్వాన్సు ఇచ్చి కొత్త ఇంటికి మాట ఇచ్చేశాం, ఇది తప్పిపోతే రెండూ పోతాయి. నాకూ తెలుసు. కానీ ఇక ఈ ఇంట్లో దాచే పని నా వల్ల కాదనిపించింది. చెప్పేశాను. నా బిడ్డ అక్కడున్నాడు, వాడి మీద లారీ నిలబెట్టనివ్వను, వాడిని తీసుకుపోయాకే ఇల్లు ఇస్తాను, ఇష్టం లేకపోతే నీ అడ్వాన్సు తిరిగి ఇచ్చేస్తాం అన్నాను.

అతను రేకు మెల్లగా కిందికి దించాడు. "మా జాలార్ల గూడ ఇద్దరున్నరమ్మా" అన్నాడు. "మా నాయనమ్మ పొద్దుగాల లేవంగనే ఫస్టు చెంబు ఆడ్నే పోస్తుండె. ఎందుకే అంటె, మీ చిన్నాయనలకు దూప అయితది అంటుండె. మేం నవ్వేటోళ్లం." తర్వాత గొంతు తగ్గించి, "మీ పని మంచిగ జేస్కోండ్రి. ఆ మూల ర్యాంపు నేను జరుపుకుంట. గనీ మా ఇంటామెకు మాత్రం చెప్పకుండ్రి. చెప్తె గీ ఇల్లు కొననియ్యదు, మా ఇంట్ల గూడ ఉండనియ్యదు" అన్నాడు. నేను డిసెంబర్ తర్వాత మొదటిసారి నవ్వాను. నవ్వు ఏడుపులోకి పోయింది.

ఎన్ని ఇళ్లు ఉన్నాయి ఇలా? గిన్నెలు తోముకుంటున్న ఎంతమంది తల్లులకు తెలియదు?

ఫిబ్రవరి ఒకటిన, శనివారం, పాస్టరు గారు వస్తారు. ఆ మట్టి తీసుకుపోయి, నేను సున్నం వేసిన చోటనే పెడతాం. మీరు రండి. రావద్దని రాసింది కొట్టివేస్తున్నాను.

ఇక ఒక్క సంగతి. నేను మత్తులో ఉన్నాను. ఆయన రక్తం కోసం తిరిగి వచ్చేసరికి బండ మూసేశారు. అత్తమ్మ లేదు. వాడి ముఖం చూసినవాళ్లలో ఇవాళ మిగిలింది మీరొక్కరే. మధ్యాహ్నమని మీరే రాశారు, కింద చీకటి అని రాశారు. దవాఖాన నుంచి ఇంటి దాకా రిక్షాలో ఒడిలో పెట్టుకున్న బిడ్డ ముఖం చూడకుండా ఏ ఆడమనిషి ఉండగలదు? అది నాది. మీ దగ్గర ఉండిపోయింది. నేను ఎవరికీ ఏమీ బాకీ లేను, నాకు మీరొక్కరే బాకీ ఉన్నారు. వాడిని మట్టిలో పెట్టేలోపల ఇవ్వండి.

రూతు


ములుగు,
20 జనవరి.

రూతూ,

చూశాను. దారి పొడవునా చూశాను.

ఎందుకు లేదన్నానో ముందు రాయనీ. నాకు పిల్లలు లేరు. మా ఆయన పోయాక ఈ హాస్టల్లో ఎందరి బిడ్డలకో వండి పెట్టాను, జడలు వేశాను. వాళ్లు సెలవులకు పోతారు, చదువైపోయి పోతారు. నా ఒడిలో పడుకున్న మా ఇంటి బిడ్డ వాడొక్కడే, ఆ రిక్షా దారి అంతసేపు. ఆ ముఖం నేను దాచుకున్నాను. ఎవరికైనా చెబితే పలచబడిపోతుందని భయం. పొయ్యి దగ్గర ఒక్కదాన్నే ఉన్నప్పుడు తీసి చూసుకునేదాన్ని. నీ సొమ్ము అని తెలుసు. తెలిసే ఉంచుకున్నాను.

ఇదిగో, తీసుకో.

జుట్టు చాలా ఉంది. తడిగా, నల్లగా, నుదుటి మీదికి వచ్చింది. ఎడమ చెవి పై అంచు కొద్దిగా లోపలికి మడిచినట్టు ఉంది. నేను వేలితో తెరిచి సరిచేస్తే మళ్లీ మడుచుకుంది. పెదవులు జయరాజువి, కింది పెదవి లావు. గడ్డం మీద చిన్న గుంట. అది మా ఇంట్లో ఎవరికీ లేదు, మీ నాన్నకు ఉందేమో చూసుకో. ఒళ్లు నీలంగా లేదు, అలా అనుకుని భయపడకు. గోధుమరంగు. వేళ్లు పొడుగు.

కనుబొమ్మలు ముడిచి ఉన్నాడు రూతూ. ఏడుపు ముఖం కాదు, నొప్పి ముఖం కాదు. నెలాఖరున లెక్క రూపాయి తేడా వస్తే నువ్వు పెడతావు చూడు, అచ్చం ఆ ముఖం. దాన్ని చూసి నాకు అంత ఏడుపులో నవ్వొచ్చింది. వీడు తల్లి బిడ్డే అనుకున్నాను.

గుడ్డ జారుతుంటే నా పైట పిన్నీసు తీసి పెట్టాను. వాన జల్లు లోపలికి కొడుతుంటే రిక్షా అతను దిగి పట్టా కిందికి లాగాడు. లాగుతూ ఒడిలోకి చూసి, "బిడ్డ పండుకున్నడా అక్కా?" అన్నాడు. "ఆ, పండుకున్నడు" అన్నాను. "జర మెల్లగ పోనియ్యి" అని కూడా అన్నాను. అతను మెల్లగా పోనిచ్చాడు. గుంతలన్నీ తప్పించుకుంటూ పోయాడు.

అంతే. నా దగ్గర ఇంకేమీ దాచలేదు.

శనివారం మొదటి బస్సుకు వస్తాను. నన్ను ఏమని పిలుస్తావో నీ ఇష్టం.

దీనమ్మ


హసన్‌పర్తి,
5 ఫిబ్రవరి, బుధవారం.

ఈ రోజు పనులు: కొత్త ఇంట్లో పొయ్యి అమర్చాను. బియ్యం, పప్పు డబ్బాలు సర్దాను. మొన్న సోమవారం రిజిస్ట్రేషన్ అయింది, ఆ కాగితాలు పెట్టెలో పెట్టాను. సింకులో గిన్నెలు తోమాను. నడుము నొప్పి లేదు.

ప్రియమైన వదినకు,

శనివారం అంతమంది ముందు నీ చెవిలో అరిచి చెప్పలేక ఊరుకున్నాను. నువ్వు బస్సెక్కేదాకా నా చేయి పట్టుకున్నావు, నేనూ వదలలేదు. కానీ ఏం చెప్పుకున్నాం? "పైలం", "పైలం" అని జాగ్రత్తలు చెప్పుకున్నాం. అందుకే రాస్తున్నాను.

మట్టి తీసేటప్పుడు నువ్వు ఇంకా బస్సులో ఉన్నావు. ఆయనా, నేనూ చేతులతోనే తీశాం. ఎముక కూడా ఏమీ మిగల్లేదు. నీళ్లు అన్నీ తీసుకుపోయాయి. తుప్పు పట్టిన పిన్నీసు ఒకటి దొరికింది. ముట్టుకోగానే పొడి అయింది. దాన్నీ ఆ మట్టిలోనే పెట్టాం. నేను ఏడవలేదు. అత్తమ్మ ఆచారం కోసం కాదు, ఆ చోటు ఇక ఖాళీ అయింది కదా, ఏడిస్తే ఎవరికి? సమాధుల తోటలో ఏడ్చాను, నువ్వు చూశావు.

పాస్టరు గారు రిజిస్టరు తెరిచి, పేరు ఏమని రాయాలి అని అడిగారు చూడు. నీకు వినపడి ఉండదు. నేను తెల్లబోయాను. ఇంత పని పెట్టుకున్నాను, అన్నీ రాసిపెట్టుకున్నాను, పేరు అనుకోలేదు. మీ తమ్ముడు వెంటనే, "సమూయేలు" అన్నారు. అడిగే మనిషి కోసం ఎదురుచూస్తున్నట్టు అన్నారు. ఇంటికి వచ్చాక అడిగితే, రక్తం కోసం తిరిగేటప్పుడే అనుకున్నానన్నారు. ఇన్నేళ్లూ ఒక్కసారి పైకి అనలేదు. గేటు దగ్గర నిలబడి లోపల ఆ పేరే అనుకునేవారట.

బండ బండి మీదికి ఎక్కిస్తుంటే జారి రెండు ముక్కలైంది. నువ్వు చెప్పిన అబద్ధాల్లో అదొక్కటే నిజమైంది. తేళ్ల సంగతి కొమురెల్లి ఇంకా అడుగుతూనే ఉన్నాడు. ముక్కలు అక్కడే వదిలేశాను.

మా నాన్న ఫోటో తీసి చూశాను. గడ్డం మీద గుంట ఉంది. ఇన్నేళ్లు గోడ మీద ఉన్న ఫోటోయే, తెల్లగా మాసిన గడ్డం కింద ఆ గుంటను నేనెప్పుడూ గమనించలేదు. తర్వాత అద్దం ముందు నిలబడి కనుబొమ్మలు ముడిచి చూసుకున్నాను. ఆయన వచ్చి, "ఏమైంది, లెక్క తప్పిందా?" అన్నారు. లేదన్నాను. మీ ఉత్తరం ఆయన చేతికి ఇచ్చాను. మీ అని రాశాను చూడు, చేతికి అలవాటైపోయింది. నీ ఉత్తరం. ఆయన చదివి బయటికి వెళ్లి చాలాసేపు అరుగు మీద కూర్చున్నారు. లోపలికి వచ్చాక, చెవి ఏ పక్క మడిచి ఉందని రాసింది అక్క, అని మళ్లీ అడిగారు. ఎడమ అన్నాను.

నీ దగ్గర పలచబడుతుందని భయపడ్డావు. నువ్వు రాసి పంపినంత మాత్రాన నీ దగ్గర లేకుండా పోదు వదినా. పొయ్యి దగ్గర ఒక్కదానివే ఉన్నప్పుడు చూసుకో. నేనూ చూసుకుంటాను. ఎండాకాలం సెలవులకు పిల్లలు వెళ్లిపోయాక ఇక్కడికి వచ్చెయ్యి, ఒక గది నీకని పెట్టాను.

కొత్త పుస్తకం మొదలుపెట్టే ముందు పాతదాంట్లో లెక్కలన్నీ మూస్తున్నాను. చివరి పేజీలో ఇలా రాశాను:

దీనమ్మ వదిన నుంచి రావలసినది: బాబు ముఖం.
జనవరిలో ములుగు నుంచి ఉత్తరంలో ముట్టింది. చెల్లు.

రూతు